మిషనేగా చేసేది

కార్డులావిడ కాలు జారింది తన సొంత చెత్త మీదే. నెపం వెయ్యడానికి ఇంకెవరైనా దొరికి ఉంటే ఆమెకి కొంతలో కొంత ఊరటగా ఉండేది. రంగు కాగితాల్లోంచి తెగి రాలిన గుండ్రటి ముక్కలు, గోరంత గోరంతవి, నున్నటివి, వంటగది గుమ్మం దగ్గర నేల మీద పడి ఉన్నాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పరుగెత్తింది. ముక్కల మీద అడుగు పడింది, కుడిచెయ్యి ఆనించి కూలబడింది. పాలూ పొంగిపోయాయి, మణికట్టూ విరిగింది. డాక్టరు మోచేతి దాకా తెల్లటి కట్టు వేసి, "ఈ చేత్తో ఏ పనీ పెట్టుకోకండి" అని తేలిగ్గా చెప్పేసి తర్వాతి మనిషిని పిలిచాడు.

పని పెట్టుకోకపోతే కుదరదు. శనివారం సాయంత్రానికల్లా స్టాండు నిండాలి.

వీధి చివర స్టేషనరీ షాపు గుమ్మం పక్కన ఒక ఇనప స్టాండు ఉంది. చుట్టూ అరలు, చేత్తో తోస్తే కిర్రుమంటూ గుండ్రంగా తిరుగుతుంది. అందులో ఎప్పటివో ప్రెస్సులో అచ్చయిన గ్రీటింగ్ కార్డులు ఎండకి వెలిసిపోయి, ఎవరూ కొనక దుమ్ము పట్టి ఉండేవి. దళసరి రంగు కాగితాలు కొనుక్కోవడానికి ఆ షాపుకి వెళ్ళినప్పుడల్లా కార్డులావిడ ఆ స్టాండుని ఓసారి తిప్పి, లోపల్లోపల ఉడుక్కుని వచ్చేసేది. మొన్నీమధ్య ధైర్యం కూడగట్టుకుని, తను చేసే కార్డులు అందులో పెడతారా అని అడిగేసింది. షాపాయన చెవి మీద ఎప్పుడూ పెన్ను ఉంటుంది, అందుకని వీధి వీధంతా ఆయన్ని చెవిపెన్ను అంటుంది. చెవిపెన్ను ఆమె తెచ్చిన కార్డుని ముందూ వెనకా చూశాడు, తెరిచాడు, మూశాడు. బాగుందని మాత్రం నోరు జారలేదు.

"శనివారం సాయంత్రం కొట్టు కట్టేలోపు స్టాండు మొత్తం నిండాలమ్మా. అరలు ఖాళీగా ఉంటే చూసేవాళ్ళకి మిగిలిపోయిన సరుకులా కనిపిస్తుంది. మీవల్ల కాకపోతే చెప్పండి, కొవ్వొత్తులావిడ కూడా అడుగుతోంది."

కొవ్వొత్తులావిడ పేరెత్తేసరికి ఆమెకి పౌరుషం పొడుచుకొచ్చింది. "తెస్తాను" అనేసింది.

అంతకుముందు ఆమె కార్డులకి గిరాకీ లేదనుకునేరు. విపరీతమైన గిరాకీ, కాకపోతే అంతా ఊరికే. మేడ మీదావిడ మనవడి పుట్టినరోజైనా, ఎదురింటాయనకి బదిలీ అయినా, ఎవరో పరీక్ష పాసైనా అందరి కాళ్ళూ ఆమె గుమ్మం వైపే నడిచేవి. రెండు పిట్టల కార్డులు, ఒక తీగ కార్డు, "ఆ నీలం రంగుది బాగుందే, అదీ ఇవ్వు." ఇస్తూ ఉంటే ఆమెకి ఒకటే ఆశ ఉండేది. ఎవరో ఒకరు, ఒక్కసారి, ఇది చెయ్యడం కష్టం కదా అంటారేమోనని. ఎవరూ అనలేదు. అందరిదీ ఒకే మాట: "నీకేముందమ్మా, మిషనేగా చేసేది."

ఆ మాట మొదలుపెట్టిన మహాతల్లి ఆమె భర్త అక్కగారు, అంటే వదిన. బస్టాండులో టిక్కెట్ల కౌంటరు వెనక కూర్చుని రిటైరైన మనిషి. తమ్ముడింటికి తరచూ వస్తుంది. భోజనాల బల్లకి ఈ చివర మిషను ఉంటుంది కాబట్టి ఆ చివర కూర్చుంటుంది. టీ గ్లాసు పట్టుకుని, లోకంలోని సంగతులన్నీ చెబుతూ, కార్డులావిడ పనిచేస్తున్నంతసేపూ కళ్ళప్పగించి చూస్తుంది. మధ్యమధ్య, "నీ పనే హాయి పిల్లా. హ్యాండిల్ తిప్పడమే. మిషనేగా చేసేది" అంటుంది. వెళ్ళేటప్పుడు కూరగాయల బండి దగ్గర కొసరు అడిగినట్టు సంచి తెరిచి పట్టుకుని, "నాలుగు పడెయ్యమ్మా, ఎవరికో ఒకరికి ఇవ్వాల్సొస్తుంది" అంటుంది. కార్డులావిడ పళ్ళ బిగువున నవ్వి నాలుగు పడేస్తుంది.

మిషను సంగతి నిజం చెప్పుకుందాం. రెండు రోలర్లు, ఒక హ్యాండిల్. కింద ఒక ప్లాస్టిక్ పలక, దాని మీద కాగితం, కాగితం మీద ఉక్కు అంచున్న అచ్చు, ఆపైన ఇంకో పలక. మొత్తం దొంతరని రోలర్ల మధ్యకి తోసి తిప్పాలి. తిప్పితే తెగుతుంది, అంతవరకూ లోకులన్నది నిజమే. కానీ పలక వంగితే ఒకవైపే తెగుతుంది. దొంతర మందం పిసరు తగ్గితే అసలు తెగదు, పిసరు పెరిగితే పలక పగులుతుంది. సన్నటి ఆకుల తీగ అచ్చు ఒకటుంది, తెగిన కాగితం అందులోనే ఇరుక్కుపోతుంది, సూదితో ఒక్కో ఆకునీ కదిపి బయటికి తియ్యాలి. తొందరపడితే తీగ కాస్తా తునకలు. అన్నిటికన్నా పెద్ద గండం మడత. మడిచిన కాగితం మీద పిట్ట అచ్చు పెట్టినప్పుడు పిట్ట వీపు మడతని వెంట్రుకవాసి దాటి బయటికి ఉండాలి. అప్పుడు వీపు తెగకుండా మిగిలి, కార్డు పుస్తకంలా తెరుచుకుంటుంది. అచ్చు లోపలికి జరిగిందా, వీపు కూడా తెగి రెండు విడి పిట్టలు చేతికొస్తాయి.

శుక్రవారం సాయంత్రం ఆమె భర్త చేతికి వచ్చినవన్నీ విడి పిట్టలే. ఆయన లిఫ్టుల మెకానిక్. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టుని, లోపల కేకలు పెడుతున్న జనంతో సహా, నింపాదిగా కిందికి దించగల మనిషి. పిట్ట వీపు ముందు మాత్రం చేతులెత్తేశాడు.

"పోనీ జంటపిట్టలని అమ్మకూడదూ? ఒకటి పంపినవాళ్ళు ఉంచుకుంటారు, ఒకటి అందుకున్నవాళ్ళు" అన్నాడు.

"ముందు మీరు ఆ కుర్చీలోంచి లేవండి."

ఆయన లేచాడు. పక్కగదిలోకి వెళ్ళి, ఆమెని మాటమాత్రం అడక్కుండా, అక్కకి ఫోను చేసేశాడు. ఆ సంగతి తెలిసేసరికి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ అక్కా? నా మిషను మీదా?"

"చేతులు బాగున్న మనిషి ఎవరో ఒకరు కావాలిగా."

"ఊళ్ళో చేతులు బాగున్నవాళ్ళు ఇంకెవరూ లేరా?"

లేరు. అది ఆమెకీ తెలుసు. ఊరికే కార్డులు పట్టుకెళ్ళిన ప్రతివాళ్ళకీ పొద్దున్న ఫోను చేసి చూసింది. అందరికీ సరిగ్గా ఆ శనివారమే ఏదో ఒక పని తగులుకుంది.

వదిన మర్నాడు పొద్దున్నే దిగింది. చెప్పులు విప్పి, కట్టు వేసిన చెయ్యి వంక ఓసారి చూసి, "కాస్త చూసుకుని నడవొద్దూ?" అంది. పరామర్శ అయిపోయింది. సబ్బుతో చేతులు కడుక్కుని, వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, కార్డులావిడ ఇంతవరకూ ఎవర్నీ కూర్చోనివ్వని కుర్చీలో దర్జాగా కూర్చుంది. కార్డులావిడకి ఆ చివర కుర్చీ మిగిలింది. అక్కణ్ణుంచి తన మిషను, తన అచ్చుల డబ్బా, తన సూది ఎలా కనిపిస్తాయో ఆమెకి ఎన్నడూ తెలియదు. తన ఇంట్లో తనే చుట్టమైనట్టుంది.

"వదినా, ముందు కింద పలక..."

పలక అప్పటికే పెట్టేసి ఉంది.

"గాట్లు పడ్డ వైపు..."

"పైకి. తెలుసు" అంది వదిన.

"పిట్ట వీపు! మడత చూసుకోండి, మడత..." అంటూ కార్డులావిడ కుర్చీలోంచి సగం లేచింది.

వదిన అచ్చుని బొటనవేలితో సుతారంగా జరిపింది. వీపు మడతని వెంట్రుకవాసి దాటింది. హ్యాండిల్ తిప్పింది. పలకలు టకటకమంటూ రోలర్లలో దూరి అటువైపు తేలాయి. ఇటుక రంగు పిట్ట చెక్కుచెదరకుండా వచ్చింది. తెరిస్తే తెరుచుకుంది, మూస్తే మూసుకుంది.

"నువ్వు మాట్లాడకు, నా ధ్యాస చెదిరిపోతుంది" అంది వదిన.

ఒకదాని తర్వాత ఒకటి పిట్టలు దిగాయి. వంక పెడదామంటే ఒక్కదానికీ వంక దొరకదు. సంతోషించాల్సిన చోట కార్డులావిడకి ఏడుపొచ్చింది. ఈ పని చేతికి రావడానికి తను ఎన్ని పలకలు పగలగొట్టుకుంది, ఎంత కాగితం చెత్తబుట్ట పాలు చేసింది! బల్ల మీద తిండి మానేసి ఇంట్లో అందరూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినడం నేర్చుకున్నారు. కూరలో పచ్చకాగితం ముక్క వస్తే కరివేపాకు అనుకుని పక్కన పెట్టడం నేర్చుకున్నారు. ఈవిడ చూడబోతే చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని చేసేస్తోంది. అయితే ఆ మాట నిజమేనన్నమాట. మిషనే చేస్తుందన్నమాట. ఆపెయ్యండి వదినా, అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపితే స్టాండు కొవ్వొత్తుల పరమవుతుంది. మింగలేక, కక్కలేక కూర్చుంది.

"మీరేమన్నా నాకు తెలీకుండా మిషను కొన్నారా వదినా?" అని అడిగేసింది చివరికి.

"నాకెందుకే ఆ గోల? తుడుచుకోలేక చావాలి."

పిట్టలు అయ్యాక తీగ అచ్చు వంతు వచ్చింది. ఇప్పుడు చూద్దాం, అనుకుంది కార్డులావిడ, అనుకున్నందుకు కొంచెం సిగ్గుపడింది కూడా. వదిన ఆకుపచ్చ కాగితం పెట్టి తిప్పింది, పై పలక తీసింది. వెంటనే సూది అందుకోలేదు. ఎడమ అరచేతిని అచ్చు మీద బోర్లించింది. కళ్ళు మూసుకుంది. గొంతు తగ్గించి, "రా తల్లీ, విరక్కుండా రా" అంది. ఆ తర్వాతే సూది తీసుకుని, ఆకు ఆకునీ కదిపి తీగని బయటికి తీసింది.

కార్డులావిడ తన చెవుల్ని నమ్మలేకపోయింది. ఆ రాగం, ఆ సాగదీత, చివర్లో ఆ నిట్టూర్పు, అంతా అచ్చం తనదే. రెండో తీగకీ అదే. మూడోదానికి ఇక ఉండబట్టలేకపోయింది.

"చెయ్యి విరగ్గొట్టుకుని కూర్చున్నదాన్ని వెక్కిరించడానికా వదినా మీరొచ్చింది?"

వదిన నిజంగానే బిత్తరపోయింది. "వెక్కిరించడమేంటే?"

"ఆ రా తల్లీ ఏంటి మరి?"

"నువ్వు ప్రతిసారీ అంటావుగా! అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని. చేతి వేడికి కాగితం వదులవుతుందేమో అనుకున్నా. అది పనిలో భాగం కాదా?"

"నేనంటానా?"

"అంటావు" అన్నాడు వంటగదిలోంచి భర్త. "కొత్తలో ఎవరో ఆడవాళ్ళొచ్చారనుకుని చొక్కా వేసుకుని వచ్చేవాణ్ణి."

అది పద్ధతీ కాదు, పాడూ కాదు. తీగ విరుగుతుందేమోనన్న భయంతో మనసులో అనుకునే మాట. మనసులోనే అనుకుంటున్నాననుకుంది కార్డులావిడ ఇన్నాళ్ళూ.

"అయితే మానెయ్యనా?" అని అడిగింది వదిన, సూది గాల్లో పట్టుకుని.

"... వద్దు. ఉండనివ్వండి." ఆ తర్వాత అడిగింది, "ఇదంతా ఎప్పుడు చూశారు మీరు?"

"ఎప్పుడేంటి? ఇక్కడికొచ్చి నేను చూసేది ఇదేగా. మా తమ్ముడి మొహం చూడ్డానికొస్తానా? వాడు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా."

కోపం అక్కడితో చల్లారాలి. చల్లారలేదు సరిగదా, ఇంకా రాజుకుంది. చూడకుండా, తెలియకుండా అన్న మాటైతే పోనీలే అని సరిపెట్టుకోవచ్చు. తను అరచెయ్యి ఎక్కడ పెడుతుందో ఈవిడ చూసింది, గాట్లు ఏ వైపు ఉండాలో చూసింది, పిట్ట వీపు ఎంత దాటాలో చూసింది. ఇంత చూసి ఆ మాట అంది! వచ్చిన ప్రతిసారీ అంది. కార్డులావిడ ఎడమచేత్తో తీగల్ని కార్డుల మీద అతికిస్తూ, జిగురు సీసాని అవసరమైనదానికంటే గట్టిగా నొక్కింది.

కాస్సేపటికి వదిన ఒక కార్డు పట్టుకుని లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళింది. సందులోకి తెరుచుకునే కిటికీ అది. కింద నిలిపిన బళ్ళూ, ఎదుటి గోడా తప్ప ఏమీ కనపడవు. వదిన అక్కడ కాస్సేపు నిలబడి, వచ్చి కూర్చుంది. నడుం పట్టేసిందేమో అనుకుంది కార్డులావిడ. నాలుగైదు కార్డులయ్యాక మళ్ళీ లేచింది. మళ్ళీ కిటికీ. ఈసారి కార్డుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, కళ్ళు చికిలించి, పెదవి విరిచింది.

"అన్నీ పట్టుకున్నా గానీ, ఇదొక్కటీ నాకు అంతుపట్టట్లేదు పిల్లా" అంది, కిటికీ దగ్గర నిలబడే. "ఇక్కడికొచ్చి నువ్వేం చూస్తావు? రంగా? వెలుగులో తేడా తెలుస్తుందా? నాకేం తెలియట్లేదే."

కార్డులావిడ జిగురు సీసా కింద పెట్టింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రంగు చూడ్డానికేనని అంటే వదిన నమ్మేస్తుంది, సాయంత్రం దాకా కిటికీకీ బల్లకీ తిరుగుతూనే ఉంటుంది. కానీ పొద్దుట్నుంచీ, కాదు, ఏళ్ళ నుంచీ గొంతులో అడ్డంపడి ఉన్నది ఇక ఆగేటట్టు లేదు.

"రంగు చూడ్డానికి కాదు వదినా."

"మరి?"

"మీరు మిషనేగా చేసేది అంటారు చూడండి. అన్నప్పుడల్లా నేను అక్కడికెళ్ళి నిలబడతాను. మీ ముందు ఏడవకూడదని. ఏడుపు రాకపోతే పళ్ళు నూరుకుంటాను. అది తగ్గాక వచ్చి కూర్చుంటాను. అంతే. పనిలో అది లేదు."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ప్రతిసారీనా?" అంది వదిన.

"ప్రతిసారీ."

"నేనొచ్చినరోజు నువ్వు మూడు నాలుగుసార్లు లేచేదానివి."

"మీరు మూడు నాలుగుసార్లు అనేవారు."

వదిన కిటికీ వైపు తిరిగి, ఆ ఎదుటి గోడని చాలాసేపు చూసింది. వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇప్పుడంటుంది, అనుకుంది కార్డులావిడ. అయ్యో అనో, నాకేం తెలుసనో, పోనీ నీకు మరీ అంత ముక్కు మీద కోపమనో, ఏదో ఒకటి. వదిన ముదురు పసుపు కాగితం తీసుకుని మడిచింది, గోటితో మడతని నొక్కింది, అచ్చు పెట్టింది, తిప్పింది. అంతే. ఒక్క మాట లేదు. కడుపులోది కక్కితే భారం దిగుతుందంటారు. ఇక్కడ దిగిందేమీ లేదు, పైగా ఇంత చెప్పినా గోడకి చెప్పినట్టయిందన్న మంట తోడైంది. ఆ పూటంతా ఇద్దరి మధ్యా వినిపించింది రోలర్ల చప్పుడూ, తీగలప్పుడు "రా తల్లీ"యే. కిటికీ దగ్గరికి మాత్రం వదిన మళ్ళీ వెళ్ళలేదు.

పొద్దు వాలుతుండగా ఆఖరి కార్డు అతికింది. భర్త అట్టపెట్టెలు మోశాడు, కార్డులావిడ కట్టుచేతిని పొట్టకి ఆనించుకుని ముందు నడిచింది, వదిన చివర్న తన సంచి పట్టుకుని వచ్చింది. షాపు చేరేసరికి చెవిపెన్ను తలుపు రెక్క ఒకటి అప్పటికే మూశాడు. స్టాండు పక్కన నేల మీద ఒక కొవ్వొత్తుల పెట్టె వచ్చి కూర్చుని ఉంది.

"కొట్టు కట్టలేదుగా ఇంకా" అంది వదిన, కౌంటరు వెనక ఇన్నేళ్ళు కూర్చున్న గొంతుతో. చెవిపెన్ను మూసిన రెక్క తెరిచాడు.

అరలు నింపడం మొదలైంది. పైన పిట్టలు, నడుమ తీగలు, కింద చిన్నవి. పాత కార్డులు తీసేసి దుమ్ము తుడిచిన అరల్లో ఇటుక రంగూ, నీలం, పసుపూ వరసగా నిలబడ్డాయి. చెవిపెన్ను వచ్చి చేత్తో స్టాండుని ఒక్క తోపు తోశాడు. కిర్రుమంటూ చుట్టూ తిరిగింది. ఎక్కడా ఖాళీ అర లేదు. అప్పుడు ఆయన కళ్ళు కార్డులావిడ కట్టు మీద పడ్డాయి.

"చెయ్యి విరిగినట్టుందే. మరి ఇవన్నీ ఎవరు చేశారండీ?"

కార్డులావిడ ఎడమచేత్తో పక్కకి చూపించబోయింది. కోపం ఎంతున్నా ఒకరి కష్టాన్ని తనదని చెప్పుకునే మనిషి కాదు. "మా వది..." అనబోతుండగానే వదిన, ఆఖరి అరలో పిట్టని సర్దుతూ, ఇటు తిరక్కుండానే అంది.

"ఆవిడే చేసింది. నేను మిషన్ని, అంతే."

చెవిపెన్నుకి అర్థం కాలేదు. చెవి మీద పెన్ను సవరించుకుని లోపలికి పోయాడు. కార్డులావిడ అలవాటు కొద్దీ వెళ్ళి నిలబడడానికి చుట్టూ చూసింది. షాపులో కిటికీ లేదు. ఇక ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు, స్టాండు పక్కనే, భర్త ముందూ, షాపుకొచ్చినవాళ్ళ ముందూ, వెక్కి వెక్కి ఏడ్చేసింది.

వదిన వచ్చి ఆమె భుజం పట్టుకుని మెల్లిగా లాగింది. "ఇటు జరుగు పిల్లా" అంది. "కార్డులు తడుస్తాయి."